రెండో ఏడాది క్లాసికల్ మెకానిక్స్: క్లాసులో అంతా అర్థమవుతుంది, ప్రాబ్లమ్ ముందు కూర్చుంటే మొదటి లైనే రావట్లేదు

తీటా_డాట్
ఈ సెమిస్టర్‌లో క్లాసికల్ మెకానిక్స్ తీసుకున్నా, నాలుగో వారం నడుస్తోంది. ఫస్టియర్ మెకానిక్స్ నాకు బాగా వచ్చు, వాలు తలం మీద దిమ్మ, కప్పీలు, ఢీకొనడాలు, అర్ధరాత్రి లేపి అడిగినా చేసేదాన్ని. లగ్రాంజియన్ పద్ధతి (బలాల బదులు ఎనర్జీలు రాసి సమీకరణాలు తేవడం) మొదలయ్యాక ఏదో తేడా కొట్టింది. క్లాసులో సార్ బోర్డు మీద చేస్తుంటే ప్రతి స్టెప్పూ అర్థమవుతుంది, నోట్సు కూడా నీట్‌గా ఉంది, రూముకొచ్చి అసైన్‌మెంట్ తీస్తే పెన్ను కదలదు. నిన్న ఒక్క ప్రాబ్లమ్ మీద మూడు గంటలు కూర్చున్నా. నిలువుగా నిలబెట్టిన రింగు, దాని మీద రాపిడి లేకుండా జారే పూస, రింగు (వ్యాసార్ధం ఆర్) తన నిలువు వ్యాసం చుట్టూ స్థిరమైన కోణీయ వేగం ఒమేగాతో తిరుగుతోంది, పూస ఎక్కడ నిలకడగా ఉంటుంది అని ప్రశ్న. వెనక ఇచ్చిన జవాబు కాస్ తీటా = జీ / (ఒమేగా స్క్వేర్ ఆర్). నాకేమో కింద 2 ఎక్కువ వస్తోంది. నాలుగు సార్లు చేశా, నాలుగు సార్లూ ఆ 2 అక్కడే ఉంది. అసలు ఈ కోర్సు ఎలా చదవాలి? మ్యాథ్స్‌లో వీకా నేను, లేక ఫిజిక్స్‌లోనా, అది కూడా తెలియట్లేదు.

సున్నా_ఘర్షణ
నాదీ డిటో. నేనూ ఇదే సెమిస్టర్, ఇదే కోర్సు. ఆ పూస ప్రాబ్లమ్ వదిలేసి తర్వాతదానికి వెళ్లా, అదీ రాలేదు.

లోలకం_88
@తీటా_డాట్ నువ్వు రాసుకున్న టీ (గతిశక్తి), వీ (స్థితిశక్తి) రెండూ ఇక్కడ పెట్టు. చివరి జవాబు చూసి ఏమీ చెప్పలేం, తప్పు ఎప్పుడూ మొదటి రెండు లైన్లలోనే ఉంటుంది.

తీటా_డాట్
ఈక్వేషన్లు టైప్ చేయడం కష్టం, మాటల్లో రాస్తా. తీటా కింది బిందువు నుంచి కొలిచా, తీటా డాట్ అంటే అది మారే రేటు. టీ = సగం ఎమ్ ఆర్ స్క్వేర్ ఇంటూ (తీటా డాట్ స్క్వేర్ + ఒమేగా స్క్వేర్ సైన్ స్క్వేర్ తీటా). వీ = మైనస్ ఎమ్ జీ ఆర్ కాస్ తీటా. దానికి తోడు సెంట్రిఫ్యూగల్ ఫోర్స్ ఉంటుంది కదా, దాని పొటెన్షియల్ మైనస్ సగం ఎమ్ ఒమేగా స్క్వేర్ ఆర్ స్క్వేర్ సైన్ స్క్వేర్ తీటా, అది కూడా వీ లో కలిపా.

లోలకం_88
దొరికింది నీ 2. ఒకే విషయాన్ని రెండు సార్లు లెక్కేశావు. టీ లో ఒమేగా స్క్వేర్ టర్మ్ రాశావంటే నువ్వు బయట నేల మీద నిలబడి చూస్తున్నట్టు, అక్కడ సెంట్రిఫ్యూగల్ ఫోర్స్ అనేదే లేదు. వీ లో సెంట్రిఫ్యూగల్ పెట్టావంటే రింగుతో పాటు తిరుగుతూ చూస్తున్నట్టు, అప్పుడు టీ లో తీటా డాట్ ముక్క ఒక్కటే ఉండాలి. ఏదో ఒక చోటే నిలబడు. ఎక్కడ నిలబడినా ఎల్ (టీ మైనస్ వీ, అదే లగ్రాంజియన్) ఒకటే వస్తుంది, రెండు విధాలా చేసి చూసుకో.

ఇంకో మాట. నీకు మ్యాథ్స్ వీక్ కాదు, ఆ రెండు లైన్ల తర్వాత నువ్వు చేసినదంతా కరెక్టే, అందుకే నాలుగు సార్లూ అదే 2 వచ్చింది.

తీటా_డాట్
అయ్యో నిజమే. తీసేసి చేశా, సరిగ్గా వచ్చింది. మూడు గంటలు ఆల్జీబ్రాలో వెతికా, తప్పు ఫ్రేమ్‌లో ఉందన్నమాట.

పాత_మాస్టారు
ఆ ప్రాబ్లమ్‌ను జవాబు దగ్గర ఆపేయొద్దమ్మా, అసలు రుచి ఆ తర్వాతే ఉంది. కాస్ విలువ 1 దాటకూడదు కదా. అంటే ఒమేగా స్క్వేర్ అనేది జీ బై ఆర్ కన్నా తక్కువైతే నీకొచ్చిన ఆ స్థానమే ఉండదు, పూస అడుగునే ఉంటుంది. ఆర్ 20 సెంటీమీటర్లు అనుకో, జీ 9.8 వేసుకో, 9.8 ని 0.2 తో భాగిస్తే 49, వర్గమూలం 7. సెకనుకు 7 రేడియన్లు, అంటే నిమిషానికి దాదాపు 67 చుట్లు. అంతవరకు రింగును ఎంత తిప్పినా పూస అడుగు నుంచి కదలదు, దాటగానే అడుగు స్థానం నిలకడ కోల్పోతుంది, కుడికో ఎడమకో ఎక్కుతుంది. వేగం రెట్టింపు చేసి 14 కి తీసుకెళ్తే కాస్ తీటా నాలుగో వంతు, కోణం సుమారు 75 డిగ్రీలు. ఎంత తిప్పినా 90 మాత్రం చేరదు. ఇదంతా ఒక్క చిన్న ఈక్వేషన్లో దాగి ఉంది. నేను ఈ కోర్సు చాలా ఏళ్లు చెప్పాను, ఈ పూస దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ సంతోషంగానే ఉంటుంది.

సున్నా_ఘర్షణ
మాస్టారూ ఆ 67 చుట్లు అన్నాక నాకు బొమ్మ కళ్ల ముందు కనపడింది. మా క్లాసులో నంబర్లు అసలు వేయరు, అంతా అక్షరాలే.

మెకానికల్_బాబాయ్
నా అభిప్రాయం వేరు. ఈ కోర్సుల్లో లగ్రాంజియన్‌ను తొందరపడి నెత్తిన పెడతారు. న్యూటన్ పద్ధతిలో బలాల బొమ్మ గీయడం చేతికి పూర్తిగా రాకుండానే ఎనర్జీ రాసి డెరివేటివ్ చేయడం మొదలుపెడితే అది యంత్రంలా తిప్పడమే అవుతుంది, లోపల ఏం జరుగుతోందో తెలీదు. ఇప్పుడు ఈ అమ్మాయి చేసిన తప్పే చూడండి, ఫ్రేమ్ అంటే ఏంటో, సెంట్రిఫ్యూగల్ లాంటి సూడో ఫోర్స్ ఎప్పుడు వస్తుందో న్యూటన్ దగ్గరే గట్టిపడాల్సిన విషయం. నేను డిజైన్ పనిలో ఉన్నా, మాకు కావాల్సింది బోల్టు మీద ఎంత బలం పడుతోంది, బేరింగ్ మీద ఎంత లోడ్. లగ్రాంజియన్ చేసే మొదటి పనే ఆ బలాలను మాయం చేయడం.

లోలకం_88
@మెకానికల్_బాబాయ్ మాయం చేయడమే దాని గొప్పతనం కదా బాబాయ్. కావాలంటే తిరిగి తెచ్చుకోవచ్చు, మల్టిప్లయర్ పెడితే సరి. గోళం నెత్తి మీద నుంచి చిన్న వస్తువు జారే ప్రాబ్లమ్ ఉంది కదా, ఆర్ ను కూడా చలరాశిగా వదిలేసి, ఆర్ మైనస్ ఏ ఈజ్ సున్నా (ఏ గోళం వ్యాసార్ధం) అనే కన్‌స్ట్రెయింట్‌కు లాంబ్డా అనే మల్టిప్లయర్ తగిలిస్తే ఆ లాంబ్డానే నార్మల్ ఫోర్స్. అది సున్నా అయిన చోట వస్తువు గోళాన్ని వదిలేస్తుంది, కాస్ తీటా = 2/3, అంటే పైనుంచి 48 డిగ్రీల దగ్గర.

మెకానికల్_బాబాయ్
అదే 2/3 న్యూటన్‌తో మూడు లైన్లలో వస్తుంది. ఎనర్జీ కన్జర్వేషన్ ఒక లైను, వ్యాసార్ధం దిశలో బలం ఒక లైను, ఎన్ సున్నా అనడం ఒక లైను. లాంబ్డా ఎందుకు?

లోలకం_88
ఒక వస్తువుకు ఎందుకూ అక్కర్లేదు, ఒప్పుకుంటా. కదిలే బండికి లోలకం, ఆ లోలకానికి ఇంకో లోలకం వేలాడదీసి న్యూటన్‌తో చెయ్యి బాబాయ్, కడ్డీల్లో టెన్షన్లు, బండి మీద ప్రతిచర్యలు అన్నీ రాసి, అన్నీ మళ్లీ ఎలిమినేట్ చేసి, సాయంత్రం కలుద్దాం.

రెండు_లింకుల_చెయ్యి
బాబాయ్, లోలకం ఇద్దరూ చెప్పింది నా పనిలో రోజూ జరుగుతుంది. నేను రోబో చేతుల కంట్రోల్ మీద పని చేస్తా. రెండు కీళ్ల చేతికి చలన సమీకరణాలు లగ్రాంజియన్‌తోనే రాస్తాం, ఎందుకంటే కోణాలే మాకు సహజమైన కోఆర్డినేట్లు, మోటారు టార్క్ నేరుగా కుడి పక్కన జనరలైజ్డ్ ఫోర్స్‌గా కూర్చుంటుంది, రాపిడి కూడా అక్కడే. కానీ కీలు విరుగుతుందా లేదా చూడాలంటే మళ్లీ లింకులను విడదీసి బలాలు లెక్కేయాల్సిందే. రెండూ వచ్చినవాళ్లకే పని నడుస్తుంది. కాకపోతే @తీటా_డాట్ అడిగింది కోర్సు ఎలా చదవాలి అని, మనం ఇక్కడ పందెం వేసుకుంటున్నాం.

అరసున్న
నేను పోయినేడు ఈ కోర్సు చేశా. నా అనుభవం చెప్తా, కొంచెం పెద్దదే. మొదటి అయిదు వారాలు నేను సొల్యూషన్లు చూసి అసైన్‌మెంట్లు పెట్టా. కాపీ కొట్టాననే ఫీలింగ్ కూడా రాలేదు, ఎందుకంటే చదువుతుంటే ప్రతి లైనూ అర్థమయ్యేది, సరే నాకు వచ్చేసింది అనుకుని నా మాటల్లో రాసి ఇచ్చేదాన్ని, అసైన్‌మెంట్ మార్కులు దాదాపు ఫుల్. మిడ్‌లో నాలుగు ప్రశ్నలకు నాలుగూ మొదలుపెట్టలేకపోయా. ఖాళీ పేపర్ చూస్తూ కూర్చున్న ఆ గంటన్నర నాకు ఇప్పటికీ గుర్తే. అప్పుడు తెలిసింది ఏంటంటే వేరేవాళ్లు రాసింది అర్థం చేసుకోవడం ఒక పని, ఏ కోఆర్డినేట్ తీసుకోవాలో నేనే తేల్చుకోవడం పూర్తిగా వేరే పని, పరీక్షలో అడిగేది రెండోది. తర్వాత నుంచి పుస్తకం మూసి, క్లాసులో చేసిన ప్రాబ్లమే ఖాళీ కాగితం మీద మళ్లీ చేసేదాన్ని. క్లాసులో చేసిందే! అదే రాలేదు మొదట్లో. మూడు వారాలకు దారిలో పడ్డా, ఫైనల్ బాగానే రాశా.

సున్నా_ఘర్షణ
@అరసున్న అంటే సొల్యూషన్లు అస్సలు చూడొద్దంటారా అక్కా? ఒక్కోసారి రెండు గంటలు కూర్చున్నా ఏమీ కదలదు, ఆ టైమ్ వేస్టే కదా.

అరసున్న
అస్సలు చూడొద్దు, అదే నా మాట.

పాత_మాస్టారు
అంత కఠినం అక్కర్లేదు. నలభై నిమిషాలు నిజంగా ప్రయత్నించాక, అంటే బొమ్మ గీసి, కోఆర్డినేట్లు పేరు పెట్టి, ఏదో ఒక టీ రాసి, ఎక్కడ ఇరుక్కున్నావో ఒక వాక్యంలో రాయగలిగాక, మొదటి లైను వరకే చూడు. మళ్లీ మూసెయ్యి. మర్నాడు మొదటి నుంచి ఏమీ చూడకుండా చెయ్యి. ఇరుక్కున్న చోటేంటో వాక్యంలో రాయలేకపోతే సొల్యూషన్ చూసినా ఉపయోగం ఉండదు, ఎక్కడ చూడాలో తెలీదు కాబట్టి.

అరసున్న
మాస్టారు చెప్పినంత క్రమశిక్షణ ఉంటే సరే. నాకు లేదు, మొదటి లైను చూస్తే చివరి లైను దాకా వెళ్లిపోయేదాన్ని.

కోరియోలిస్
ప్రాబ్లమ్ మొదలవకపోవడానికి నాకు తెలిసిన ఒకే మందు: కార్టీజియన్ నుంచి మొదలుపెట్టడం. తెలివిగా టీ ని నేరుగా రాయాలని చూడొద్దు. ప్రతి వస్తువుకూ ఎక్స్, వై రాయి, నీ కోణాల్లో రాయి, టైమ్ ప్రకారం డెరివేటివ్ చెయ్యి, స్క్వేర్ చేసి కలుపు. బండికి వేలాడే లోలకమే తీసుకో. బండి స్థానం పెద్ద ఎక్స్, గుండు ఎక్స్ = పెద్ద ఎక్స్ + ఎల్ సైన్ తీటా (ఇక్కడ ఎల్ లోలకం పొడవు). డెరివేటివ్ చేసి స్క్వేర్ చేస్తే మధ్యలో ఒక క్రాస్ టర్మ్ వస్తుంది, ఎమ్ ఎల్ పెద్ద ఎక్స్ డాట్ తీటా డాట్ కాస్ తీటా. నేరుగా రాసేవాళ్లు పదిలో ఎనిమిది మంది మర్చిపోయేది అదే, బండి వేగం, లోలకం వేగం విడివిడిగా స్క్వేర్ చేసి కలిపేస్తారు. వేగాలు వెక్టర్లు, ముందు కలపాలి, తర్వాత స్క్వేర్ చేయాలి.

తీటా_డాట్
ఇదే మాకు మూడో ప్రాబ్లమ్! ఆ క్రాస్ టర్మ్ నేనూ మర్చిపోయా. చిన్న డోలనాలకు ఏం రావాలి చివరికి? సరిచూసుకుంటా.

కోరియోలిస్
ఒమేగా స్క్వేర్ = (జీ / ఎల్) ఇంటూ (1 + ఎమ్ / పెద్ద ఎమ్), ఎమ్ గుండుది, పెద్ద ఎమ్ బండిది. ఇప్పుడు సరిచూసే పద్ధతి నేర్చుకో, జవాబు ఎవరూ ఇవ్వకపోయినా పనికొస్తుంది. బండి బరువు అనంతం చెయ్యి, బండి కదలదు, మామూలు లోలకం రావాలి, వస్తోంది. బండి బరువు గుండుతో సమానం చెయ్యి, ఫ్రీక్వెన్సీ రూట్ 2 రెట్లు అవుతుంది. ఎందుకు పెరిగింది? మధ్యలో ద్రవ్యరాశి కేంద్రం పక్కకు కదలకుండా ఉంటుంది, బండి ఎదురు దిశలో జరుగుతుంది, లోలకం పొడవు తగ్గినట్టే. ఫిజిక్స్‌తో సరిపోయింది కదా. ప్రతి జవాబుకీ ఇలా రెండు చివర్లు లాగి చూడు. లాంబ్డా ఉన్నా, ఎమ్ ఉన్నా, సున్నాకి ఒకసారి, అనంతానికి ఒకసారి.

స్ప్రింగ్_బాలు
డైమెన్షన్లు కూడా చూడాలి. నాకు సగం తప్పులు అక్కడే దొరుకుతాయి.

తీటా_డాట్
ఇంకొక డౌట్ చాలా రోజులుగా ఉంది, క్లాసులో అడగడానికి మొహమాటం వేసింది. ఎల్ ను తీటాతో డిఫరెన్షియేట్ చేసేటప్పుడు తీటా డాట్‌ను కాన్‌స్టెంట్ అనుకోమంటారు. తీటా మారితే తీటా డాట్ కూడా మారుతుంది కదా, రెండూ వేర్వేరు ఎలా అవుతాయి? అందరూ తలూపుతున్నారు, నాకు మాత్రం ఇది మోసంలా అనిపిస్తోంది.

సున్నా_ఘర్షణ
అబ్బ ఈ ప్రశ్న నేనూ అడగాలనుకున్నా!!

పాత_మాస్టారు
మంచి ప్రశ్న, మొహమాటపడాల్సింది కాదు. ఎల్ అనేది ఇంకా చలనం గురించి చెప్పట్లేదు, అది ఒక ఫంక్షన్, దానికి రెండు గళ్లు ఉన్నాయి. ఒక గడిలో స్థానం పెడతావు, ఇంకో గడిలో వేగం పెడతావు, అది ఒక సంఖ్య ఇస్తుంది. ఒక క్షణంలో లోలకం 30 డిగ్రీల దగ్గర ఉంది అంటే దాని వేగం ఎంతైనా ఉండొచ్చు, నువ్వు ఎలా తోశావన్న దాన్ని బట్టి. కాబట్టి రెండు గళ్లూ స్వతంత్రమే. పార్షియల్ డెరివేటివ్‌లు ఆ దశలో చేసేవి. తర్వాత బయట డీ బై డీటీ వచ్చేటప్పుడు మాత్రం నిజమైన దారిని తెచ్చి రెండు గళ్లలో పెడతావు, అప్పుడు రెండో గడి మొదటిదాని డెరివేటివ్ అవుతుంది. రెండు దశలనూ కలిపేస్తేనే మోసంలా కనిపిస్తుంది.

తీటా_డాట్
గళ్లు అనుకుంటే పట్టుకోగలిగా. థాంక్యూ మాస్టారూ.

లోలకం_88
మాస్టారు చెప్పిన ఈ గళ్ల మాట గుర్తుంటే ఇంకో గోతిలో పడకుండా ఉంటావు, వచ్చే వారం మీకు సెంట్రల్ ఫోర్స్ వస్తుంది చూడు. కోణీయ ద్రవ్యవేగం చిన్న ఎల్ = ఎమ్ ఆర్ స్క్వేర్ తీటా డాట్, అది మారదు. సరే మారదు కదా అని తీటా డాట్ బదులు అది లగ్రాంజియన్‌లోనే పెట్టేసి, ఆ తర్వాత ఆర్ తో డిఫరెన్షియేట్ చేస్తే, బయటికి తోయాల్సిన టర్మ్ లోపలికి లాగుతున్నట్టు వస్తుంది. గుర్తు తిరగబడుతుంది. గ్రహం సూర్యుడిలో పడిపోతుంది. ఎందుకంటే ఆర్ తో చేసేటప్పుడు స్థిరంగా ఉంచాల్సింది తీటా డాట్‌ను, చిన్న ఎల్ ను కాదు. ముందు సమీకరణం రాయి, ఆ తర్వాతే విలువ పెట్టు. నేను ఈ తప్పు పరీక్షలో చేశాను, పది మార్కుల ప్రశ్నకు రెండొచ్చాయి.

స్ప్రింగ్_బాలు
ఎనర్జీలో పెడితే పర్లేదు కదా? ఎఫెక్టివ్ పొటెన్షియల్ అలానే కదా వచ్చేది?

లోలకం_88
ఎనర్జీలో పర్లేదు, అక్కడ నువ్వు పార్షియల్ చేయట్లేదు, ఒక సంఖ్యను ఇంకోలా రాస్తున్నావు. లగ్రాంజియన్‌లోనే పెట్టాలంటే దానికి రౌథియన్ అని వేరే పద్ధతి ఉంది, ఒక టర్మ్ తీసేయాలి.

ఐగెన్_వాల్యూ
నేను కొంచెం అడ్డు చెప్పాలి. అందరూ మ్యాథ్స్ సమస్య కాదు అంటున్నారు. మొదటి అయిదు వారాలకు నిజమే. కపుల్డ్ ఆసిలేటర్స్ రాగానే లీనియర్ ఆల్జీబ్రా రానివాళ్లు ఆగిపోతారు, నా చుట్టూ చూశా. రెండు ద్రవ్యరాశులు, మూడు ఒకేలాంటి స్ప్రింగులు, గోడకూ గోడకూ మధ్య. ఆన్సర్ రూట్ కె బై ఎమ్, రూట్ 3కె బై ఎమ్. చేత్తో కూడా చేయొచ్చు, రెండూ కలిసి ఒకే వైపు ఊగితే మధ్య స్ప్రింగు సాగదు కాబట్టి మొదటిది, ఎదురెదురుగా ఊగితే మధ్య స్ప్రింగు రెట్టింపు నొక్కుకుంటుంది కాబట్టి రెండోది. కానీ మూడు ద్రవ్యరాశులు, వేర్వేరు బరువులు ఇస్తే ఈ ఊహ చాలదు, మాట్రిక్స్ కావాల్సిందే. ఈ రెండు వారాల్లో ఐగెన్ వెక్టర్లు, టేలర్ సిరీస్, సెకండ్ ఆర్డర్ డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, పోలార్ కోఆర్డినేట్లలో త్వరణం, ఈ నాలుగూ తిరగేసుకోండి. ముఖ్యంగా చివరిది. ఆర్ డబుల్ డాట్ మైనస్ ఆర్ తీటా డాట్ స్క్వేర్ ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేకపోతే సెంట్రల్ ఫోర్స్ అర్థం కాదు.

మెకానికల్_బాబాయ్
ఐగెన్ చెప్పిందానికి ఒక ఓటు. మేం వైబ్రేషన్స్ అని వేరే పేరుతో మొత్తం జీవితం అదే చేస్తాం.

రాత్రిపక్షి
నేను ప్రోగ్రామింగ్ వైపు నుంచి వచ్చా. లోలకాన్ని కంప్యూటర్‌లో నడిపి చూడు @తీటా_డాట్, ఇరవై లైన్ల కోడ్. చిన్న కోణం ఫార్ములా ఎక్కడిదాకా పనిచేస్తుందో తెలుస్తుంది. 20 డిగ్రీల నుంచి వదిలితే నిజమైన పీరియడ్ ఫార్ములా కన్నా ఒక శాతం కూడా ఎక్కువ కాదు, 90 నుంచి వదిలితే 18 శాతం ఎక్కువ. ఒక జాగ్రత్త, మామూలు ఆయిలర్ పద్ధతి వాడితే లోలకం తనంతట తానే ఎనర్జీ పెంచుకుంటూ పోతుంది. ముందు వేగం మార్చి, ఆ కొత్త వేగంతో స్థానం మార్చు. ఒక్క లైను క్రమం మారిస్తే ఎనర్జీ కట్టుబడి ఉంటుంది.

స్ప్రింగ్_బాలు
ఒక్క లైను క్రమం మారిస్తే సరిపోతుందా? ఎందుకు?

రాత్రిపక్షి
ఫేజ్ స్పేస్‌లో, అంటే స్థానం ఒక అక్షం, ద్రవ్యవేగం ఇంకో అక్షంగా గీసే బొమ్మలో, వైశాల్యం మారకుండా ఉంటుంది అలా చేస్తే. హామిల్టోనియన్ చాప్టర్ చివర లియోవిల్ సిద్ధాంతం వస్తుంది చూడు, దాని చుట్టమే ఇది. చలనం ఆ వైశాల్యాన్ని కాపాడుతుంది, కాబట్టి లెక్కించే పద్ధతి కూడా కాపాడితే ఎనర్జీ కొంచెం పైకీ కిందికీ ఊగుతుందే కానీ పారిపోదు.

సున్నా_ఘర్షణ
నిజం చెప్పండి, ఇదంతా దేనికి? క్వాంటమ్ కోర్సుకు ఇది ప్రీరిక్విజిట్ అని తీసుకున్నా. 1687 లో న్యూటన్ చెప్పింది మళ్లీ ఇంకో వేషంలో ఎందుకు?

పాత_మాస్టారు
వేషం మార్చినందుకే క్వాంటమ్ పుట్టింది బాబూ. 1788 లో లగ్రాంజ్ తన పుస్తకం వేశాడు, ఇందులో ఒక్క బొమ్మ కూడా కనపడదు అని ముందుమాటలోనే గర్వంగా రాసుకున్నాడు. అంతా ఆల్జీబ్రా. 1834, 35 లలో హామిల్టన్ దాన్నే స్థానం, ద్రవ్యవేగం అనే జంటల్లో తిరగరాశాడు. అప్పుడు ఎవరికీ తొందర లేదు. 1925 లో హైసెన్‌బర్గ్ లెక్కల్లో కనపడ్డ వింత గుణకారం హామిల్టన్ మెకానిక్స్‌లోని పాయిసాన్ బ్రాకెట్‌ను పోలి ఉందని డిరాక్ గమనించాడు. మర్నాటి ఏడు ష్రోడింగర్ హామిల్టన్-జకోబీ సమీకరణం నుంచి బయలుదేరాడు. బలం అనే మాట క్వాంటమ్‌లో దాదాపు కనపడదు, ఎనర్జీ కనపడుతుంది. నువ్వు వచ్చే ఏడాది హెచ్ (హామిల్టోనియన్) మీద టోపీ పెట్టి రాసేది ఈ హెచ్చే.

ఇంకొకటి, 1918 లో నోథర్ అచ్చువేసిన సిద్ధాంతం. లగ్రాంజియన్ చోటు మార్చినా మారకపోతే ద్రవ్యవేగం నిలుస్తుంది, తిప్పినా మారకపోతే కోణీయ ద్రవ్యవేగం నిలుస్తుంది, కాలం మారినా మారకపోతే ఎనర్జీ నిలుస్తుంది. ఫస్టియర్‌లో మూడు వేర్వేరు నియమాలుగా బట్టీ పట్టినవి ఒకే తల్లి పిల్లలని తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. న్యూటన్ వేషంలో అది చూడటం చాలా కష్టం.

మెకానికల్_బాబాయ్
సరే మాస్టారూ, దీనికి నా దగ్గర ఎదురు మాట లేదు. బలాల బొమ్మ మాత్రం గీయండి పిల్లలూ. లగ్రాంజ్ గీయలేదని మీరు మానేయొద్దు.

పాత_మాస్టారు
అది నూటికి నూరు పాళ్లు నిజం. లగ్రాంజ్‌కు బొమ్మ తలలో ఉండేది.

స్ప్రింగ్_బాలు
మొదటి పూస ప్రాబ్లమ్‌కే ఒక ప్రశ్న. దాని ఎల్ లో టైమ్ లేదు కదా, మరి నోథర్ ప్రకారం ఎనర్జీ నిలవాలి. కానీ పూస పైకెక్కేటప్పుడు టీ + వీ పెరుగుతోంది, చేసి చూశా.

లోలకం_88
నిలిచేది హెచ్, అది ఈ ప్రాబ్లమ్‌లో టీ + వీ కాదు. ఒమేగా స్క్వేర్ టర్మ్ దాంట్లో మైనస్‌తో వస్తుంది. ఒమేగా స్థిరంగా ఉంచడానికి మోటారు పని చేస్తోంది కదా, పెరిగిన ఎనర్జీ దానిది. హెచ్ నిలవడం, హెచ్ అంటే ఎనర్జీ కావడం, ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు.

స్ప్రింగ్_బాలు
మోటారు! బొమ్మలో లేదు కాబట్టి మర్చిపోయా.

తీటా_డాట్
అయిదు వారాల తర్వాత మళ్లీ వచ్చా, మిడ్ అయిపోయింది. నాలుగులో మూడు పూర్తిగా చేశా. @కోరియోలిస్ చెప్పినట్టు ప్రతిదీ ఎక్స్, వై నుంచి మొదలుపెట్టా, నెమ్మదే కానీ పెన్ను ఆగలేదు. సెంట్రల్ ఫోర్స్ వచ్చింది, లగ్రాంజియన్‌లో తీటా డాట్ బదులు చిన్న ఎల్ పెట్టబోయి @లోలకం_88 మాట గుర్తొచ్చి ఆగా. నాలుగోది కపుల్డ్, డిటర్మినెంట్ విప్పడంలో గుర్తు తప్పింది, @ఐగెన్_వాల్యూ హెచ్చరించారు, నేనే తక్కువ ప్రాక్టీస్ చేశా. ఇప్పుడు రిజిడ్ బాడీ మొదలైంది. సార్ క్లాసులో పుస్తకానికి రబ్బర్ బ్యాండ్ వేసి గాల్లోకి తిప్పి విసిరారు, రెండు అక్షాల చుట్టూ చక్కగా తిరిగింది, మిగిలిన ఒక్కదాని చుట్టూ మాత్రం మధ్యలో పల్టీ కొట్టింది. ఎన్ని సార్లు వేసినా అంతే. ఎందుకో ఇంటికెళ్లి చేసుకురమ్మన్నారు.

బొంగరం
ఇన్నాళ్లూ ఊరికే చదువుతున్నా, ఇది నా ఏరియా కాబట్టి వస్తున్నా. ఆయిలర్ సమీకరణాలు మూడూ రాయి, ఐ అంటే ఒక్కో అక్షం చుట్టూ జడత్వ భ్రామకం, ఐ1 పెద్దది, ఐ3 చిన్నది అనుకో. రెండో అక్షం చుట్టూ గట్టిగా తిరుగుతోంది, మిగతా రెండు ఒమేగాలు చాలా చిన్నవి అని పెట్టు. ఒకదాన్ని డిఫరెన్షియేట్ చేసి ఇంకోదాంట్లో పెట్టు. ముందు వచ్చే గుణకం గుర్తు చూడు.

తీటా_డాట్
చేశా. ఒమేగా1 డబుల్ డాట్ = (ఐ2 మైనస్ ఐ3)(ఐ1 మైనస్ ఐ2) / (ఐ1 ఐ3) ఇంటూ ఒమేగా2 స్క్వేర్ ఇంటూ ఒమేగా1. రెండు బ్రాకెట్లూ పాజిటివ్, కాబట్టి చిన్న వణుకు ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతుంది. మొదటి అక్షానికీ మూడో అక్షానికీ అదే చేస్తే ఒక బ్రాకెట్ నెగెటివ్, వణుకు ఊగుతుంది అంతే, పెరగదు. మధ్యదానికే ఎందుకు అనేది బ్రాకెట్లలోనే ఉంది!

బొంగరం
ఇంకొక్క మెట్టు ఎక్కు. అమెరికా మొదటి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్ 1, 1958 జనవరి 31న పంపారు. పొడవాటి పెన్సిల్ లాంటిది, పొడవు అక్షం చుట్టూ తిప్పి వదిలారు. అది ఐ తక్కువున్న అక్షం, నీ లెక్క ప్రకారం నిలకడగానే ఉండాలి. కానీ కొంతసేపటికే అడ్డంగా పల్టీలు కొట్టడం మొదలుపెట్టింది. దానికి మెత్తగా వంగే యాంటెన్నాలు ఉన్నాయి, అవి ఊగుతూ ఎనర్జీని కొంచెం కొంచెం వేడిగా పోగొట్టాయి. బయటి టార్క్ లేదనుకో. ఎందుకలా అయింది?

తీటా_డాట్
కోణీయ ద్రవ్యవేగం మారదు, ఎనర్జీ తగ్గాలి. ఒకే అక్షం చుట్టూ తిరిగితే ఎనర్జీ = ఎల్ స్క్వేర్ / 2ఐ, ఇక్కడ ఎల్ కోణీయ ద్రవ్యవేగం. ఎల్ అలాగే ఉండి ఎనర్జీ తగ్గాలంటే ఐ పెరగాలి. పొడవు అక్షానికి ఐ అన్నిటికన్నా తక్కువ, అంటే ఎనర్జీ అక్కడ అన్నిటికన్నా ఎక్కువ. దిగుతూ దిగుతూ ఐ ఎక్కువున్న అక్షం దగ్గరికి వెళ్లి ఆగుతుంది, అంటే అడ్డంగా తిరగడం. నా లెక్కలో నిలకడ అని వచ్చింది ఎనర్జీ పోదు అనుకున్నాను కాబట్టి.

బొంగరం
అవును.

సున్నా_ఘర్షణ
@తీటా_డాట్ ఆ డిటర్మినెంట్ ప్రాబ్లమ్ నాకూ తప్పింది, నువ్వు మళ్లీ చేసి ఉంటే ఇక్కడ పెట్టవా, నాది పక్కన పెట్టుకుని చూస్తా.